కోపమును ఆలస్యము చేయండి, దయను ఆలస్యము చేయకండి

ఈ దినము మనము ధ్యానించబోయే అంశము దీర్ఘశాంతము, దయ. ముఖ్య వాక్యభాగములు మత్తయి సువార్త 18:23-35, గలతీయులకు 5:22, మొదటి కొరింథీయులకు 13:4. మీ బైబిలును దగ్గర పెట్టుకొని ఈ భాగములను తెరచి చదువుకుంటూ ఈ మాటలను ధ్యానించమని ప్రేమతో మనవి చేస్తున్నాము.

బైబిలు గ్రంథములో గని పనివారిని గురించిన అధ్యాయము ఒకటి ఉన్నదని మీలో ఎంతమందికి తెలుసు? యోబు గ్రంథము 28వ అధ్యాయము చదవండి. మనుష్యులు చీకటిలోనికి దిగుతారు, జనసంచారమునకు దూరముగా భూమిని తొలుస్తారు, వెండిని, బంగారమును, ఇనుమును వెలికి తీస్తారు. ఇంత కష్టపడి ఇన్ని తీసిన మనిషికి జ్ఞానము మాత్రము ఏ గనిలోను దొరకలేదని, దేవునియందలి భయభక్తులలోనే అది దొరుకుతుందని ఆ అధ్యాయము చెబుతుంది. రామగుండము, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీలలో నివసించే మనకు ఇది దూరపు మాట కాదు. మన తండ్రులు తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపారు. నేడు మన బిడ్డలు యంత్రములతో బొగ్గు తీస్తున్నారు. అయితే ఇంటిలో ఓర్పు, నోటిలో దయ ఏ గనిలోనుండి వస్తాయి? ఇదే ఈనాటి ప్రశ్న.

రెండు మాటల అర్థము

మొదట ఈ మాటల అర్థమును తెలిసికొందాము. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో దీర్ఘశాంతము అను మాట "మక్రోథుమియా". "మక్రోస్" అంటే పొడవైనది, "థుమోస్" అంటే ఉడుకు, ఆగ్రహము. కాబట్టి దీర్ఘశాంతము గలవాడంటే కోపము రావడానికి చాలా దూరము ప్రయాణము చేయవలసిన మనిషి. అతనికి కోపము రాదని కాదు, త్వరగా రాదు అని అర్థము. కష్టములను, రోగమును, పేదరికమును భరించే ఓర్పుకు గ్రీకులో "హుపొమొనే" అనే వేరొక మాట ఉన్నది. మక్రోథుమియా ఎక్కువగా మనుష్యులను భరించే ఓర్పు. కొందరు గనిలో ఎనిమిది గంటల వేడిమిని, చెమటను నోరెత్తక భరిస్తారు, ఇంటికి వచ్చి కూరలో ఉప్పు తగ్గితే మాత్రము కంచము విసురుతారు. వారికి హుపొమొనే ఉన్నది, మక్రోథుమియా లేదు. పనిని భరించుట ఒకటి, మనిషిని భరించుట మరొకటి.

రెండవ మాట దయ, లేక దయాళుత్వము. దీనికి గ్రీకు మాట "క్రేస్తోతేస్". దీని మూలమైన "క్రేస్తోస్" అను మాటనే మత్తయి 11:30లో ప్రభువు తన కాడిని గురించి వాడాడు. సరిగా అమరిన కాడి ఎద్దు మెడను ఒరుసుకొనదు, పుండు చేయదు. బరువు ఉంటుంది గాని గాయము ఉండదు. దయగల మనిషి అలాంటివాడు. అతనితో పని ఉంటుంది, అతడు బాధ్యత అప్పగిస్తాడు, అవసరమైతే తప్పు చూపిస్తాడు, అయినా మనస్సును ఒరిపిడి చేయడు. ఆదిమ సంఘ కాలములో అన్యులు కొందరు "క్రిస్టియాను" అను పేరును సరిగా పలకలేక "క్రెస్టియాను" అని పలికేవారు. మీరు తప్పుగా పలికినప్పటికీ దానికి కూడ దయ, మాధుర్యము అనే అర్థమే వస్తుందని తెర్తుల్లియను అనే సంఘ పితరుడు వారికి జవాబిచ్చాడు. లోకులు మన పేరును తప్పుగా పలికినా, మన నడత దయగా వినిపించవలెను!

ఈ రెండు మాటలు గలతీ పత్రిక 5:22లో పక్కపక్కనే ఉన్నాయి. 1 కొరింథీ 13:4లో కూడ ప్రేమకు చెప్పబడిన మొదటి రెండు లక్షణములు ఇవే. రోమా 2:4లో దేవుని గుణములుగా మరల కలిసి కనబడతాయి. ఎందుకు ఇవి జంటగా వస్తాయి? సులభముగా ఇలా చెప్పవచ్చు: దీర్ఘశాంతము కోపమును ఆలస్యము చేస్తుంది, దయ మేలును ఆలస్యము చేయదు. మనము సాధారణముగా దీనికి తలక్రిందులుగా నడుస్తాము. కోపమును ఇప్పుడే చూపిస్తాము, దయను రేపటికి ఉంచుతాము. తిట్టవలసి వస్తే వాకిట్లోనే తిడతాము, క్షమాపణ చెప్పవలసి వస్తే "చూద్దాంలే" అంటాము. యాకోబు 1:19 కోపించుటకు నిదానించమని హెచ్చరిస్తుంది. సామెతలు 3:27-28 చేతిలో ఉన్న మేలును పొరుగువానికి రేపు ఇస్తానని పంపివేయవద్దని హెచ్చరిస్తుంది. ఒకటి నిదానము, రెండవది త్వర. ఈ రెండును కలిసినదే క్రైస్తవ జీవితము.

మింగిన కోపము దీర్ఘశాంతము కాదు

ఇక్కడ ఒక పొరపాటును సరిచేసికొనవలెను. కోపము బయటికి కనబడకపోతే చాలు, అదే దీర్ఘశాంతమని అనేకులు అనుకుంటారు. గని పని తెలిసినవారికి దీనిని వివరించుట సులభము.

బొగ్గు తీసివేసిన తరువాత మిగిలే ఖాళీని మన గనులలో గోఫ్ అంటారు. అక్కడ కొంత బొగ్గు మిగిలిపోతుంది. దానికి ఎవరూ నిప్పు పెట్టరు. అయితే కొద్దికొద్దిగా గాలి తగులుతూ ఉంటే బొగ్గు ఆ గాలిలోని ఆక్సిజనును పీల్చుకొని వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే మార్గము లేకపోతే లోలోపల పెరిగి పెరిగి, చివరికి తనంతట తానే అంటుకుంటుంది. పైన నడిచేవారికి ఏమీ కనబడదు. మొదట విషవాయువు వస్తుంది, తరువాత పొగ వస్తుంది.

ప్రియులారా, మింగిన కోపము ఇదే. "నేనేమీ అనలేదు కదా" అంటాము. నిజమే, ఏమీ అనలేదు. కాని పదేళ్ళ క్రితము అత్తగారు అన్న మాట, పెళ్ళిలో బావగారు చేసిన అవమానము, సంఘములో పెద్ద ఒకరు మనలను పలకరించకుండా దాటిపోయిన ఆదివారము, ఇవన్నీ లోపల వేడెక్కుతూ ఉన్నాయి. ఏదో ఒక చిన్న మాటకు ఒకనాడు ఇల్లంతా అంటుకుంటుంది. చూచేవారు "ఇంత చిన్న విషయానికా!" అని ఆశ్చర్యపడతారు. విషయము చిన్నదే, మిగిలిపోయిన బొగ్గు చాలా ఉన్నది.

మరి గనిలో దీనికి ఏమి చేస్తారు? ఒక మార్గము గోడ కట్టి గాలి చొరబడకుండా మూసివేయుట. మరొక మార్గము ఆ ఖాళీని నింపుట. గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టముల ద్వారా లోపలికి పంపి, బొగ్గు తీసిన ఖాళీని నింపే స్టోయింగ్ పద్ధతి మన ప్రాంతములోని పాత కార్మికులందరికీ తెలుసు. నిండిన చోట గాలికి తావు ఉండదు, పైకప్పుకు ఆధారము దొరుకుతుంది.

దీర్ఘశాంతమునకు ప్రక్కనే దయ ఎందుకు ఉన్నదో ఇప్పుడు చూడండి. కోపమును ఆపుట ద్వారా ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని దయతో నింపకపోతే అది పగకు చోటవుతుంది. అందుకే పౌలు రోమా 12:19-21లో పగ తీర్చుకోవద్దని చెప్పి అక్కడితో ఆగలేదు, ఆకలిగొన్న శత్రువుకు అన్నము పెట్టమన్నాడు. మాట్లాడకుండా ఊరకుండుట సగము పని మాత్రమే. ఆ మనిషికి మేలు చేయుట మిగిలిన సగము. మీతో పోట్లాడిన పక్క క్వార్టరువారికి నీళ్ళు రాని రోజున ఒక బిందె నీళ్ళు ఇచ్చి చూడండి. వారు మారతారో లేదో గాని, మీలోని గోఫ్ నిండుతుంది.

ఆరు కోట్ల రోజుల కూలి

ఇప్పుడు మత్తయి 18వ అధ్యాయమునకు వద్దాము. ఒక రాజుకు ఒక దాసుడు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. ఒక తలాంతు అంటే సుమారు ఆరు వేల దేనారములు. ఒక దేనారము ఆ దినములలో కూలివాని ఒక రోజు కూలి అని మత్తయి 20:2 ద్వారా తెలుస్తుంది. లెక్క వేసి చూడండి: పదివేల తలాంతులు ఆరు కోట్ల రోజుల కూలి. ఏ మనిషి ఎన్ని జన్మలు పనిచేసినా తీరనిది. ఆ దాసుడు సాగిలపడి, కొంచెము ఓర్చుకొనమని, అంతయు చెల్లిస్తానని బ్రతిమాలాడు. అతడు అడిగినది గడువు, రాజు ఇచ్చినది క్షమాపణ. అతడు దీర్ఘశాంతమును అడిగితే రాజు దానితోపాటు దయను కూడ ఇచ్చాడు.

ఆ దాసుడు బయటికి రాగానే తనకు నూరు దేనారములు అచ్చియున్న తోటిదాసుడు ఎదురయ్యాడు. ఆ రెండవవాడు కూడ సాగిలపడి, కొంచెము ఓర్చుకొనమని అదే మాటతో బ్రతిమాలాడు. కొద్దిసేపటి క్రితము తన నోట వచ్చిన మాటే ఇప్పుడు తన చెవిన పడింది. అయినా అతడు గుర్తుపట్టలేదు, అతని గొంతు పట్టుకొని చెరసాలలో వేయించాడు.

ఇక్కడ చాలామంది ప్రసంగీకులు దాటిపోయే విషయము ఒకటి ఉన్నది. నూరు దేనారములు చిన్న మొత్తము కాదు. అది నూరు రోజుల కూలి. మూడు నెలలకు పైగా జీతము ఎవరైనా తీసికొని ఇవ్వకపోతే మనకు బాధ కలుగదా? నీకు జరిగిన అన్యాయము ఏమీ కాదని ప్రభువు చెప్పుట లేదు. మన బొగ్గుబాయి కుటుంబములలో ఒక బాధ అందరికీ తెలిసినదే. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడో, మరణించినప్పుడో ఉద్యోగము పిల్లలలో ఒక్కరికే రాగలదు. అన్నకు వస్తే తమ్ముడు బయట మిగులుతాడు. "తమ్మీ, అమ్మను నేనే చూసుకుంట, నీ పిల్లల ఫీజులు నేనే కడ్త" అని ఇచ్చిన మాట రెండేళ్ళకు మరచిపోబడుతుంది. తమ్ముని గుండెలో ఉన్నది నిజమైన గాయము. అది నూరు దేనారముల గాయము. దానిని చిన్నదిగా చెప్పి అతనిని ఓదార్చలేము.

ప్రభువు చెప్పేది వేరు. ఆ నూరు దేనారములను ఆరు కోట్ల పక్కన పెట్టి చూడమంటున్నాడు. అది లెక్కలో ఆరు లక్షలలో ఒక వంతు. నా గాయము చిన్నదని గాక, నేను పొందిన క్షమాపణ పెద్దదని తెలిసినప్పుడు నాలో ఓర్పు పుడుతుంది. దీర్ఘశాంతము మన స్వభావము యొక్క బలము కాదు, మనము పొందిన కృపను మరువకుండుట. అందుకే గలతీ పత్రిక దీనిని ఆత్మ ఫలమన్నది. ఫలమును ఎవరూ తయారు చేయలేరు. వేరు నీటిని చేరితే కొమ్మకు ఫలము వస్తుంది. తమ్ముడు తన హక్కును గురించి అన్నతో మాట్లాడవచ్చు, పెద్దలను కూర్చోబెట్టి అడుగవచ్చు. కాని అన్న గొంతు పట్టుకొనకుండ అడుగుతాడు. అన్న కూడ ఇచ్చిన మాటను జ్ఞాపకము చేసికొని తానే ముందుగా తమ్ముని ఇంటికి వెళ్ళవలెను. ఓర్చుకొనవలసినది ఎప్పుడూ నష్టపోయినవాడే కాదు, లాభపడినవాడు దయ చూపవలెను.

మన తెలుగు నేల మీద ఈ ఫలము

ఈ రెండు గుణములు బైబిలులో మాత్రమే గాక మన తెలంగాణ నేల మీద కూడ నడచి వెళ్ళాయి. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిని గురించి మీరు వినియుంటారు. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ స్కాట్లాండు దేశమునుండి వచ్చిన వెస్లియన్ మిషనరీలు. 1915లో వారు అక్కడ కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించారు. స్థానికుడైన రాజా నర్సాగౌడ్ విరివిగా విరాళమిచ్చి సహాయపడ్డాడు. ఆ దినములలో కుష్ఠరోగిని ఊరు వెలివేసేది, కన్నవారే దూరము పెట్టేవారు. ఈనాటి మాత్రలు అప్పుడు లేవు. హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనెను సూదిమందుగా ఎక్కించేవారు. అది నొప్పి కలిగించే మందు. ఒక రోజుతో, ఒక వారముతో అయ్యేది కాదు. నెలల తరబడి అదే రోగికి, అదే నొప్పితో, అదే సూది. రోగి విసుగుతాడు, పారిపోవాలనుకుంటాడు, వైద్యురాలిని నిందిస్తాడు. 1932లో తాను మరణించేవరకు డాక్టర్ ఇసబెల్ కెర్ ఆ పనిని విడువలేదు. దీర్ఘశాంతము లేకుంటే ఆ మందు పూర్తి కాదు, దయ లేకుంటే ఆ రోగి ఆ చేతిని తాకనివ్వడు.

మరొకరు బిషప్ వి.ఎస్. అజరయ్య. మన సింగరేణి గనులు మొదట ఇల్లందు ప్రాంతములో 1889లో ఆరంభమైన సంగతి మీకు తెలుసు. ఆ గనులకు సమీపముననే ఉన్న డోర్నకల్లుకు ఆయన 1909లో సేవకు వచ్చాడు. తమిళుడైనా తెలుగు నేర్చి మన పేదల మధ్య నివసించాడు. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకించబడ్డాడు. దానికి రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో పట్టణములో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడినది నేటికీ జ్ఞాపకము చేసికొంటారు. మిషనరీలు తమ ఆస్తిని ఇచ్చారు, ప్రాణములను కూడ ఇచ్చారు, దానికి భారతీయ సంఘము కృతజ్ఞతతో ఉన్నది, అయితే మాకు స్నేహితులను కూడ ఇవ్వండి అని ఆయన వేడుకొన్నాడు. ధర్మము చేసినంత మాత్రాన దయ చూపినట్లు కాదని ఆ మాటలు మనకు నేర్పుతాయి. పైనుండి చేయి చాపి ఇచ్చేది దానము, పక్కన కూర్చుండి పంచుకొనేది దయ.

ఈ మాటను మన పని స్థలమునకు తెచ్చుకొందాము. 1990ల తొలినాళ్ళలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు సగము కన్న తక్కువకు తగ్గింది. చాలా పనులు కాంట్రాక్టు కార్మికుల చేతికి వచ్చాయి. ఒకే దుమ్ము, ఒకే ఎండ, జీతము మాత్రము ఒకటి కాదు. పర్మినెంటు ఉద్యోగియైన విశ్వాసీ, నీ పక్కన పనిచేసే కాంట్రాక్టు కార్మికుని నీవు ఎలా పిలుస్తావు? "ఏయ్, ఇటు రా" అంటావా? "అన్నా, కొంచెం ఇటొస్తవా" అంటావా? అతని జీతము పెంచుట నీ చేతిలో లేకపోవచ్చు. అతనిని అన్నా అని పిలుచుట నీ నోటిలోనే ఉన్నది. మందిరములో అతడు వెనుక బెంచీలో కూర్చుంటే వెళ్ళి అతని పక్కన కూర్చొనుట నీ కాళ్ళలోనే ఉన్నది.

దేనిని ఓర్చుకొనకూడదు?

సహోదరీలారా, ఇప్పుడు చెప్పబోయే మాటను జాగ్రత్తగా చదవండి. దీర్ఘశాంతమను మాటను కొందరు సంకెళ్ళవలె వాడారు. త్రాగి వచ్చి కొట్టే భర్తతో ఉన్న స్త్రీకి "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేసుకో, అతడే మారతాడు" అని మాత్రమే చెప్పి పంపిన సంఘపెద్దలు ఉన్నారు. ఇది వాక్యము చెప్పే ఓర్పు కాదు. 1 థెస్సలొనీక 5:14 చదవండి. అందరియెడల దీర్ఘశాంతము చూపుమని చెప్పిన ఆ వచనమే అక్రమముగా నడిచేవారికి బుద్ధి చెప్పమని, బలహీనులకు ఆధారముగా ఉండమని మొదట చెబుతుంది. ఓర్పు పేరుతో బుద్ధి చెప్పుటను మానివేస్తే వచనములో సగమును చించివేసినట్లే. అపొస్తలుల కార్యములు 16:37లో పౌలు తనను అన్యాయముగా కొట్టించిన అధికారులే స్వయముగా వచ్చి తమను బయటికి తీసికొనిపోవలెనని అడిగాడు. ఆయనకు పగ లేదు, అయినా న్యాయమును విడువలేదు.

కాబట్టి దెబ్బలు తింటున్న సహోదరీ, క్షమించుట అంటే దెబ్బలకు మరల ఎదురు నిలుచుట కాదు. సురక్షితమైన చోటికి వెళ్ళుట పాపము కాదు. గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005లో చట్టము వచ్చింది, 181 నంబరుకు ఫోను చేస్తే సహాయము దొరుకుతుంది. సంఘపెద్దలారా, ఆమె మీ యొద్దకు వచ్చినప్పుడు మొదట ఆమెకు భద్రత చూడండి, తరువాత భర్తకు బుద్ధి చెప్పండి. అతనికి త్రాగుడు మాన్పించే వైద్యము చేయించుట కూడ దయయే.

గనిలో కూడ ఇంతే. ప్రమాదకరముగా ఉన్న కప్పు క్రింద మౌనముగా పనిచేయుట ఓర్పు కాదు. గొంతెత్తి చెప్పి పదిమందిని కాపాడుట దయ. గట్టిగా చెప్పవచ్చు, తిట్టనవసరము లేదు.

ప్రతిదినము ఎలా సాధన చేయాలి?

మొదటిది: ముందుగా ధరించుకొనండి. కొలొస్సయి 3:12 ఈ గుణములను వస్త్రములవలె ధరించుకొనమంటుంది. కప్పు కూలిన తరువాత ఎవడైనా హెల్మెట్ పెట్టుకుంటాడా? దిగక ముందే టోపీ, ల్యాంపు, బూట్లు సరిచూచుకొనేవారు ఇంటి గడప దాటక ముందు హృదయమును సరిచూచుకొనరు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేటప్పుడు వాకిట్లో బండి ఆపి ఒక్క నిమిషము ప్రార్థించండి. "ప్రభువా, లోపల ఉన్నవారు నా పైఅధికారి మీది కోపమునకు కారణము కారు" అని జ్ఞాపకము చేసికొనండి.

రెండవది: తట్టి చూడండి. కప్పు క్రిందికి వెళ్ళే ముందు అనుభవమున్న పనివాడు కర్రతోనో కడ్డీతోనో పైకప్పును తట్టి శబ్దము వింటాడు. గట్టి శబ్దము వస్తే ఒక అర్థము, బోలు శబ్దము వస్తే మరొక అర్థము. అలాగే జవాబు చెప్పే ముందు ఒక ప్రశ్న అడగండి. భార్య విసుగుగా మాట్లాడితే "ఏమైంది? ఒంట్లో బాగలేదా?" అని అడగండి. కుమారుడు తలుపు గట్టిగా వేస్తే తిట్టుటకు ముందు "ఏమైంది బిడ్డా?" అనండి. చాలాసార్లు ఆ కోపము వెనుక భయమో, అలసటయో బోలుగా వినిపిస్తుంది. సామెతలు 18:13 వినక ముందే జవాబిచ్చువాని మూఢతను గురించి హెచ్చరిస్తుంది.

మూడవది: పొగ పోనివ్వండి. మందు పేల్చిన వెంటనే ఎవరూ ముందుకు వెళ్ళరు. పొగ పోయి, అధికారి చూచి సరే అన్న తరువాతనే అడుగు వేస్తారు. ఇంట్లో మాట పేలినప్పుడు కూడ అంతే. అప్పుడే తీర్పు చెప్పవద్దు. అప్పుడే పాత లెక్కలు తీయవద్దు. అప్పుడే ఫోనులో పొడవాటి మెసేజి పంపవద్దు. అయితే పొగ పోయిన తరువాత తప్పక తిరిగి వచ్చి మాట్లాడండి, మాట్లాడకుండా వదిలిపెడితే అది మరల గోఫ్‌లోని బొగ్గే అవుతుంది.

నాలుగవది: ఇంటివారి అలసటను లెక్కపెట్టండి. రాత్రి షిఫ్టు దిగిన మనిషి పగలు నిద్రపోవలెను. ఇరుకు ఇంట్లో పిల్లలను నెమ్మదిగా ఉంచుట, కుక్కరు కూత తగ్గించుట తల్లికి చిన్న పని కాదు. ఆమె చూపే ఆ దీర్ఘశాంతమును ఎవరూ సాక్ష్యముగా చెప్పరు గాని దేవుడు చూస్తున్నాడు. భర్తలారా, ఆమె కూడ అలసిపోయిందని గుర్తించండి. ఏళ్ళ తరబడి యంత్రముల హోరులో పనిచేసి వినికిడి తగ్గిన తండ్రి ఉంటే, మూడవసారి అడిగినప్పుడు కూడ మొదటిసారి చెప్పినంత నెమ్మదిగా చెప్పండి. పైకి అరచినట్లు గాక, దగ్గరకు వెళ్ళి చెవి యొద్ద చెప్పండి.

ఐదవది: దయను ఈ దినమే చేయండి. ఎఫెసీ 4:26 సూర్యుడు అస్తమించకముందే కోపమును విడువమంటుంది. రాత్రి షిఫ్టుకు వెళ్ళేవారికి సూర్యాస్తమయము తరువాతనే పని మొదలవుతుంది. కాబట్టి వారు గడప దాటక ముందే సమాధానపడుట మంచిది.

ఈ మాట ఊరికే చెప్పుట లేదు. మన పట్టణము 2003వ సంవత్సరమును మరువలేదు. ఆ సంవత్సరము జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. నాలుగు నెలలకు, అక్టోబరు 16న, జి.డి.కె. 8ఎ గనిలో కప్పు కూలి 10 మంది మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో మరల కప్పు కూలి ప్రాణములు పోయాయి. ఆ ఉదయములలో కూడ ఇండ్లలో టిఫిను డబ్బాలు సర్దబడ్డాయి, "పోయొస్త" అని ఎవరో చెప్పి వెళ్ళారు. ఏ షిఫ్టు చివరిదో ఎవరికీ తెలియదు. భయపెట్టుటకు ఈ సంగతి జ్ఞాపకము చేయుట లేదు. కోపమునకు రేపు ఉన్నది, దానిని వాయిదా వేయవచ్చు. దయకు రేపు ఉన్నదని మనకు ఎవరూ వాగ్దానము చేయలేదు. గలతీ 6:10 సమయము దొరికిన కొలది మేలు చేయమంటుంది. మనకు దొరికిన సమయము ఇదే.

ప్రియ చదువరీ, ఇంతవరకు చదువుతుండగా నీ మనస్సుకు ఒక ముఖము జ్ఞాపకము వచ్చియుండవచ్చు. అన్నయో, కోడలో, పొరుగువాడో, నీతో పనిచేసేవాడో, మందిరములో నీవు చూపు తిప్పుకొనే మనిషియో. "వారు మొదట రానీ" అని అనుకొనవద్దు. దేవుడు మనము మొదట వచ్చేవరకు కనిపెట్టి కూర్చుండలేదు. మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మన కొరకు చనిపోయాడని రోమా 5:8 చెబుతుంది. వచ్చే ప్రభువు బల్లకు ముందే ఆ ఇంటికి వెళ్ళండి. వెళ్ళలేకపోతే ఫోను చేయండి. నోట మాట రాకపోతే "ఎట్లున్నవ్ అన్నా? అంత మంచిదేనా?" అన్న ఒక్క పలకరింపు చాలు. వారు జవాబివ్వకపోయినా మరల పలకరించండి. దీర్ఘశాంతములో దీర్ఘము అను మాట ఊరకే లేదు.

ప్రార్థన చేద్దాము. పరలోకపు తండ్రీ, తీర్చలేని మా అప్పును క్షమించి మమ్మును ఓర్చుకొన్నందుకు స్తోత్రములు. మా తోటివారి అప్పును గొంతు పట్టి అడిగే మా చేతులను సడలించుము. లోలోపల వేడెక్కుచున్న పాత కోపములను నీ ఆత్మ చేత చల్లార్చి, ఆ ఖాళీలను నీ దయతో నింపుము. భూమి క్రింద, భూమి పైన పనిచేయు ప్రతి బిడ్డను కాపాడుము. దెబ్బలు తినుచున్నవారికి ఆశ్రయము చూపుము, కొట్టుచున్నవారికి మారుమనస్సు దయచేయుము. ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబములను ఆదరించుము. ఈ దినమే ఒక మేలు చేయుటకు మాకు ధైర్యమును అనుగ్రహించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.